45 అంతస్తుల టవర్‌లో ఫ్లాట్: గాలికి ఊగుతుందా, పిల్లర్లు లావైతే చాలదా, ఏం అడగాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. హైదరాబాద్‌లో కోకాపేట వైపు 45 అంతస్తుల టవర్‌లో 32వ అంతస్తు ఫ్లాట్ చూస్తున్నారు, అది గాలికి ఊగుతుందన్న మాట నిజమేనా? ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌నే పిల్లర్లు లావు చేసి పైకి లేపితే సరిపోదా? బిల్డర్ని ఏమేం అడగాలి? మొదటి దానికి జవాబు చిన్నది: ఊగుతుంది. ఎంత ఊగాలో లెక్క ఉంటుంది, ఆ లెక్కలో ఉన్నంతవరకు అది లోపం కాదు. రెండో దానికి జవాబు మాత్రం పునాది నుంచి మొదలుపెట్టాలి.

బరువు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ భయపడేది దానికే. గోడలు, ఫ్లోరింగ్, మనుషులు, సామాను అన్నీ కలిపితే ఒక అంతస్తు చదరపు మీటరుకి సుమారు టన్నున్నర. 45 అంతస్తులకి పునాది మీద చదరపు మీటరుకి 65 నుంచి 70 టన్నులు పడుతుంది. హైదరాబాద్ పడమటి వైపు నేల కింద ఉన్నది గ్రానైట్. పగుళ్ళు లేని గట్టి రాయి చదరపు మీటరుకి 300 టన్నులకి పైగానే మోస్తుందని ఇంజనీరింగ్ కోడ్ (నిర్మాణ ప్రమాణాల పుస్తకం) పట్టికలు ఒప్పుకుంటాయి. పైగా సెల్లార్ల కోసం 15 మీటర్లు తవ్వితే దాదాపు 30 టన్నుల మట్టి బరువు అక్కడి నుంచి లేచిపోయినట్టే. కాబట్టి టవర్ భూమిలోకి దిగబడుతుందేమోనన్న భయం ఇక్కడ అంతగా అక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 58 అంతస్తుల మిలీనియం టవర్ సంగతి వేరు. దాని పైల్స్ (పునాది కోసం భూమిలోకి దింపే స్తంభాలు) గట్టి రాయిదాకా వెళ్ళలేదు. 2009లో తెరిచిన భవనం 2016 నాటికే 40 సెంటీమీటర్లు కుంగి పక్కకి ఒరిగింది. చివరికి అంచు వెంబడి 18 కొత్త పైల్స్ రాయిదాకా దింపాల్సి వచ్చింది, ఆ పని 2023లో ముగిసింది.

అలాగని ఇక్కడ పునాదికి చిక్కులు లేవని కాదు. మన గ్రానైట్ ఒకే పలకగా ఉండదు. ఒకచోట నాలుగు మీటర్లకే షీట్ రాక్, అంటే గట్టి పలక రాయి, తగులుతుంది, పది మీటర్ల పక్కన అదే రాయి కుళ్ళి మొరంగా మారిపోయి ఉంటుంది. రాఫ్ట్‌లో (టవర్ మొత్తం కింద పునాదిగా పోసే మందపాటి కాంక్రీట్ పలకలో) సగం గట్టి రాయి మీద, సగం మొరం మీద పడితే మొరం వైపు ఎక్కువ నొక్కుకుంటుంది, పైన గోడలు మూలల్లో చీలతాయి. అలాంటిచోట మెత్తని భాగం తవ్వి తీసి, రాయి తగిలేదాకా సిమెంట్ తక్కువ వేసిన కాంక్రీట్‌తో నింపాలి. ఇంకో మోసం గుండురాయి. బోరులో రాయి తగలగానే అదే బెడ్ రాక్ అని ఆపేస్తే, అది మట్టి మధ్యలో తేలుతున్న పెద్ద గుండు కావచ్చు. అందుకే రాయి తగిలాక కూడా కనీసం మూడు నుంచి ఐదు మీటర్లు కోర్ (గుండ్రటి రాతి కడ్డీ) తీసి, పెట్టెలో వరసగా పేర్చి, ముక్కల పొడవు కొలిచి రాతి నాణ్యత రాస్తారు. ఆ కోర్ పెట్టెల ఫొటోలు మట్టి పరీక్ష రిపోర్ట్‌లో ఉండాలి. టవర్ కింద నాలుగు మూలల్లో, మధ్యలో బోర్లు వేశారా, లేక సైట్ మొత్తానికి రెండో మూడో వేసి సరిపెట్టారా అన్నది చూడండి.

టవర్ బయట, పోడియం (టవర్ చుట్టూ పరుచుకున్న తక్కువ ఎత్తు కట్టడం) కింద ఉండే సెల్లార్ భాగానికి తిరగబడిన సమస్య. పైన బరువు లేదు, రాతి పగుళ్ళలోంచి వచ్చే నీరు కిందినుంచి నెడుతుంది. వానాకాలంలో నీటిమట్టం పెరిగితే శ్లాబ్ ఉబ్బి చీలుతుంది. దానికి శ్లాబ్‌ని కింది రాయికి పట్టి ఉంచే రాక్ యాంకర్లు వేయాలి, లేదా శ్లాబ్ కింద డ్రైనేజీ పొర పెట్టి సంప్‌లోకి లాగి ఎప్పటికీ పంపు చేస్తూ ఉండాలి. రెండో పద్ధతి కట్టేటప్పుడు చవక. ఆ పంపుల కరెంటు బిల్లు మాత్రం తర్వాత మెయింటెనెన్స్ రూపంలో మీరే కడతారు.

రాఫ్ట్ పోత సంగతి. 40 మీటర్ల చదరం, రెండు మీటర్ల మందం అనుకుంటే 3,200 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్ల మిక్సర్ లారీలు 530కి పైగా రావాలి. గంటకి వంద ఘనపు మీటర్ల చొప్పున పోసినా 32 గంటలు, మధ్యలో ఆగకూడదు. ఆగితే కింది పొర గట్టిపడి పై పొరతో కలవదు, అక్కడ కోల్డ్ జాయింట్ పడుతుంది. అంతకంటే పెద్ద శత్రువు వేడి. ఘనపు మీటరుకి ప్రతి 100 కిలోల సిమెంటుకి లోపలి వేడి సుమారు 12 డిగ్రీలు పెరుగుతుంది. 400 కిలోల మామూలు సిమెంట్ వేసి, మే నెలలో 32 డిగ్రీల కాంక్రీట్ పోస్తే మధ్యభాగం 80 డిగ్రీలకి చేరుతుంది. 70 దాటితే ఏళ్ళ తర్వాత లోపలినుంచి ఉబ్బి పగిలే రసాయన చర్యకి దారి పడుతుంది. లోపలికీ పైభాగానికీ మధ్య తేడా 20 డిగ్రీలు మించితే అప్పుడే పగుళ్ళు వస్తాయి. అందుకే సగం సిమెంట్ బదులు స్లాగ్ (ఉక్కు కర్మాగారాల్లో మిగిలే పదార్థపు పొడి) వేస్తారు, నీళ్ళలో ఐస్ కలుపుతారు, రాత్రిపూట పోస్తారు, లోపల వేడి కొలిచే థర్మోకపుల్స్ పెట్టి రోజుల తరబడి రీడింగ్ తీస్తారు. ఇక్కడ చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది: అలాంటి రాఫ్ట్ మీద మొదటి రోజే చల్లనీళ్ళు కుమ్మరించడం తప్పు. పైభాగం చల్లబడితే తేడా ఇంకా పెరుగుతుంది. థర్మోకోల్ షీట్లు, గోనెలు, పాలిథిన్ కప్పి వెచ్చగా ఉంచడమే దానికి సరైన క్యూరింగ్.

ఇప్పుడు మీ పిల్లర్ల ప్రశ్న. ఐదంతస్తులకి బరువు మొయ్యడమే పిల్లర్ పని. 45 అంతస్తులకి, అంటే దాదాపు 140 మీటర్లకి, డిజైన్‌ని నడిపేది పక్కనుంచి తోసే బలం. హైదరాబాద్ భూకంపాల మ్యాపులో జోన్ 2, అంటే ముప్పు తక్కువ. ఇంత ఎత్తులో ఇక్కడ ఎక్కువగా గాలిదే పైచేయి. విజయవాడ జోన్ 3, పైగా గాలివేగం కూడా సెకనుకి 50 మీటర్లు. అదే టవర్ అక్కడ కడితే రెండు లెక్కలూ మారతాయి. హైదరాబాద్‌కి కోడ్ చెప్పే మూల వేగం 44 మీటర్లు. నగరపు పరిసరాల్లో 15 మీటర్ల ఎత్తున గాలి చదరపు మీటరుకి సుమారు 110 కిలోల బలంతో తోస్తే, 140 మీటర్ల దగ్గర అది 175 దాటుతుంది. పెరిగింది ఒకటిన్నర రెట్లే కదా అనిపించొచ్చు. కానీ పునాది దగ్గర వంపు, అంటే టవర్‌ని వంచే బలం, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. ఎత్తు తొమ్మిది రెట్లయితే, గాలి పెరుగుదల కలపకుండానే, వంపు 80 రెట్లు. విడివిడి పిల్లర్లని ఎంత లావు చేసినా దీన్ని పొదుపుగా ఆపలేరు. లిఫ్టులు, మెట్లు చుట్టూ కాంక్రీట్ గోడల గూడు (కోర్) కట్టి, ఫ్లాట్ల మధ్య అడ్డుగోడల్ని కూడా షియర్ వాల్స్‌గా (పక్కబలాన్ని తట్టుకునే కాంక్రీట్ గోడలుగా) పోసి, తలుపుల మీద దూలాలతో వాటిని ఒకదానికొకటి కలిపితేనే మొత్తం ఒకే ముక్కలా వంగుతుంది. ఈ దూలాల్లో అడ్డంగా, ఏటవాలుగా రాడ్డు కిక్కిరిసి ఉంటుంది. ప్లంబర్ వచ్చి పైపు కోసం అక్కడ రంధ్రం కొడితే జరిగే నష్టం మామూలు గోడకి కొట్టినదానితో పోల్చదగింది కాదు.

50 మీటర్లు దాటి 250 మీటర్ల వరకు ఉన్న కాంక్రీట్ భవనాలకి విడిగా ఐఎస్ 16700 అనే కోడ్ ఉంది. 2017లో వచ్చింది, 2023లో సవరించారు. మీ స్ట్రక్చరల్ డిజైనర్ ఇది వాడారా అన్నది మొదటి ప్రశ్న కావాలి. గాలికి పై అంతస్తు జరగడం ఎత్తులో 500వ వంతుకి మించకూడదు, అంటే 140 మీటర్లకి 28 సెంటీమీటర్లు. అది అరుదైన తుఫాను గాలికి పెట్టిన హద్దు, రోజూ జరిగేది కాదు. మనుషులకి తెలిసేది జరిగిన దూరం కాదు, కుదుపు. నివాస భవనాల్లో పదేళ్ళకోసారి వచ్చే గాలికి పై అంతస్తులో త్వరణం సెకను వర్గానికి 0.15 మీటర్లు దాటకూడదు. అది దాటితే భవనానికి ఏమీ కాకపోయినా వేలాడే లైట్లు ఊగి, కొందరికి తల తిరుగుతుంది.

కుదుపు ఎక్కడ ముదురుతుందో చూడండి. గాలి భవనం పక్కలనుంచి వీడిపోతూ అటొక సుడి, ఇటొక సుడి వదులుతుంది. ఆ సుడుల తాళం భవనం సహజంగా ఊగే తాళంతో కలిస్తే ఊపు పెరిగిపోతుంది. మీ టవర్ ఒక ఊపుకి నాలుగు సెకన్లు తీసుకుంటుందనుకోండి. వెడల్పు 25 మీటర్లయితే రెండు తాళాలు కలిసేది గాలి 52 మీటర్ల వేగంతో నిలకడగా వీచినప్పుడు. డిజైన్ లెక్కలో 140 మీటర్ల ఎత్తున గంట సగటు వేగం 36, 37 మీటర్లే, కాబట్టి దాని దాకా రాదు. అదే సన్నగా 15 మీటర్ల వెడల్పుతో కడితే 31 మీటర్లకే కలుస్తాయి. ఒక వైపు బాగా సన్నగా ఉన్న టవర్ల ప్లాన్ చూసినప్పుడు నా మొదటి అనుమానం అందుకే అటు పోతుంది. 150 మీటర్లు దాటితే విండ్ టన్నెల్ పరీక్ష (చిన్న నమూనా మీద గాలి ఊది చూడటం) ఎలాగూ కావాలి. కోకాపేట, నానక్‌రామ్‌గూడ లాంటిచోట్ల టవర్లు గుంపుగా నిలబడి ఒకదాని గాలి ఇంకొకదాని మీదికి తిప్పుతాయి గనక 140 అయినా చేయించడమే మేలు. ఆ మోడల్‌లో చుట్టుపక్కల రాబోయే టవర్లు కూడా పెట్టారా అని అడగండి.

కాగితం మీద ఎంత బాగున్నా భవనం తయారయ్యేది శ్లాబ్ సైకిల్‌లో, అంటే ఒక్కో అంతస్తు పోసుకుంటూ పైకి వెళ్ళే వరసలో. ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా అల్యూమినియం ఫార్మ్‌వర్క్ (కాంక్రీట్ పోసే అచ్చులు, ఫారాలు), అందరూ మైవాన్ అనేదే. గోడలు, శ్లాబ్ ఒకేసారి పోస్తారు. ఒక అంతస్తుకి తొమ్మిది, పది రోజులు. కొందరు ఏడుకి లాగుతారు. ఇటుక గోడ, ప్లాస్టరింగ్ ఉండవు, కొలతలు ఖచ్చితంగా వస్తాయి, చీలికలు తగ్గుతాయి. నా మట్టుకు ఎత్తైన టవర్‌కి ఇదే సరైన పద్ధతి. కానీ క్యూబ్ ఫలితం (అదే కాంక్రీట్‌తో పోసిన దిమ్మెని నొక్కి బలం చూసే పరీక్ష) 28వ రోజున వస్తుంది, అప్పటికి ఆ గోడల మీద ఇంకో మూడంతస్తులు లేచి ఉంటాయి. ఫలితం తక్కువ వస్తే కొట్టేసే ధైర్యం ఎవరికీ ఉండదు. కోర్ టెస్ట్ (గోడలోంచి ముక్క కోసి పరీక్షించడం), జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీట్ తొడగడం) అంటూ సర్దుబాట్లు మొదలవుతాయి. అందుకే 7వ రోజు ఫలితం తక్కువైనా పై పోత ఆపే అధికారం సైట్‌లో క్వాలిటీ ఇంజనీరుకి ఉండాలి. ప్రాజెక్ట్ మేనేజర్ కిందే పనిచేసే క్వాలిటీ మనిషి పోత ఆపడు.

గోడ పక్క ఫారాలు మరునాడే తీయొచ్చు. శ్లాబ్ అడుగు ఫారం మూడు రోజులకి తీసినా కింద ప్రాప్‌లు (శ్లాబ్‌ని మోసే నిలువు ఊతలు) మాత్రం కదలకూడదు. నాలుగున్నర మీటర్ల స్పాన్ లోపు ఏడు రోజులు, దాటితే పద్నాలుగు రోజులు ఉంచాలని కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. పైన కొత్త శ్లాబ్ బరువు దిగేది ఈ పచ్చి శ్లాబుల మీదికే గనక మూడు, నాలుగు అంతస్తుల్లో ప్రాప్‌లు ఒకదాని కింద ఒకటి సూటిగా ఉండాలి. ఫారం తీసేటప్పుడు ప్రాప్ కూడా లాగేసి మళ్ళీ బిగిస్తే అప్పటికే శ్లాబ్ వంగిపోయి ఉంటుంది. ఆ వంపు పోదు. ఫ్లోరింగ్ వేసేటప్పుడు మధ్యలో మందం పెంచి కప్పేస్తారు.

మైవాన్ గోడ సన్నం, పైఅంతస్తుల్లో 160 మిల్లీమీటర్లే ఉంటుంది. అందులో రెండు వరసల రాడ్డు, కరెంటు పైపులు, బాక్సులు. వైబ్రేటర్ సూది దిగకపోతే కిటికీ కింద, మూలల్లో కంకర బయటపడి గుల్లగా మిగులుతుంది. దాన్ని ఆ రాత్రే సిమెంట్ ముద్దతో పూసేస్తే ఎవరికీ కనబడదు. వదులు కంకర చెక్కేసి కుంచించుకుపోని గ్రౌట్ కొట్టడం సరైన మార్గం. ఫారాలు పట్టుకునే టై రంధ్రాలు బయటి గోడకి వందల కొద్దీ ఉంటాయి. వాటిని లోపలినుంచి మాత్రమే మూసి పెయింట్ వేస్తే మొదటి ఈదురుగాలి వానకే గోడ మీద గుండ్రటి తేమ మచ్చలు వరసగా కనిపిస్తాయి. పైఅంతస్తు ఫ్లాట్లలో లీకేజీ అంటే నేను ముందు వెతికేవి ఈ రంధ్రాలు, తర్వాత కిటికీ ఫ్రేమ్ చుట్టూ ఉన్న సందు.

కాంక్రీట్ గ్రేడ్లు కలిసేచోట ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కింది అంతస్తుల్లో పిల్లర్లు, కోర్ గోడలు ఎం60 అయితే శ్లాబ్ ఎం35 ఉంటుంది (అంకె పెద్దదైతే కాంక్రీట్ గట్టిది). పిల్లర్ బరువు ఆ శ్లాబ్ మందంలోంచే కిందికి దిగాలి. గ్రేడ్ తేడా 1.4 రెట్లు మించితే పిల్లర్ చుట్టూ 600 మిల్లీమీటర్ల మేర శ్లాబ్‌లో కూడా గట్టి కాంక్రీటే ముందు పోసి, అది పచ్చిగా ఉండగానే మిగతాది పోయాలి. అంటే ఒకే పోతకి రెండు రకాల లారీలు, రెండు రకాల చలానాలు. రాత్రి పదకొండింటికి ఏ లారీ ఏదో చూసుకునే మనిషి లేకపోతే తారుమారవుతుంది.

ఎత్తైన పిల్లర్లు పొట్టి అవుతాయన్నది కూడా కొత్తగా అనిపిస్తుంది. బరువుకి, ఆరడానికి, ఏళ్ళ తరబడి నెమ్మదిగా నొక్కుకోవడానికి కలిపి ఒక్కో అంతస్తుకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. మొత్తం మీద కొన్ని సెంటీమీటర్లు. కట్టేటప్పుడు ప్రతి శ్లాబ్‌నీ లెవెల్ చూసి సరిచేస్తారు గనక అందులో చాలా భాగం అక్కడే సర్దుకుంటుంది. ఇబ్బంది అంతా కోర్ ఒకలా, బయటి పిల్లర్లు ఒకలా పొట్టి కావడంలో. మధ్యలో ఫ్లోరింగ్ వాలుతుంది. షాఫ్ట్‌లో బిగించేసిన నిలువు పైపులకి కదిలే జాయింట్ లేకపోతే అవి వంగి క్లాంపులు ఊడతాయి.

నిలువు సరిచూడటం గురించి ఒక్క మాట. శ్లాబ్‌లలో చిన్న రంధ్రాలు వదిలి కిందినుంచి లేజర్ పంపి గీతలు వేస్తారు, అదీ తెల్లవారుజామున. ఎండ ఒక వైపు పడితే టవర్ రెండో వైపుకి కొద్దిగా వంగుతుంది. మధ్యాహ్నం కొలత తీసుకుని దాన్ని సరిచేయబోతే లేని వంకర వస్తుంది.

ఇక లోపల బతికే సంగతి. నీళ్ళ పీడనం పది మీటర్లకి ఒక బార్. 45వ అంతస్తు పైన ఉన్న ట్యాంకు నుంచి నేరుగా కిందికి వదిలితే మొదటి అంతస్తు కుళాయి దగ్గర 14 బార్లు, అంటే గీజర్లు, ఫ్లెక్సిబుల్ పైపులు పగిలిపోతాయి. మూడు, నాలుగు బార్లు దాటకుండా ఎనిమిది, పది అంతస్తులకో జోన్ చేసి పీడనం తగ్గించే వాల్వులు పెడతారు. ఆ వాల్వు జంటగా ఉండాలి, ఒకటి రిపేరుకి తీస్తే రెండోది నడవాలి. మీ ఫ్లాట్ జోన్‌లో పైన ఉందా కింద ఉందా అడగండి. పైనుంటే షవర్ సన్నగా వస్తుంది. డ్రైనేజీలో ట్రాప్ (నీరు నిలిపి మురుగు వాసనని ఆపే వంపు) నీటి మట్టం 50 మిల్లీమీటర్లే. పైనుంచి ఒకేసారి నీరు దూసుకొస్తే గాలి ఆ కొద్ది నీటినీ పీల్చేస్తుంది, బాత్రూంలో కంపు మొదలవుతుంది. విడిగా వెంట్ పైపు ఉంటేనే ఇది ఆగుతుంది.

లిఫ్టుల్లో సంఖ్య ఒక్కటే చూసుకుంటే చాలదు. 140 మీటర్లు ఎక్కడానికి సెకనుకి 1.75 మీటర్ల లిఫ్టుకి 80 సెకన్లు, మూడు మీటర్లదానికి 47. ఫైర్ లిఫ్ట్ నిమిషంలోపు పై అంతస్తు చేరాలన్నది నేషనల్ బిల్డింగ్ కోడ్ నియమం కాబట్టి రెండున్నర మీటర్లకి తక్కువ వేగం ఇక్కడ కుదరదు. అగ్ని ప్రమాదంలో మామూలుగా వచ్చే నిచ్చెన బండ్లు 32వ అంతస్తుకి అందవు, అందుకే కాపాడేది భవనమే. బాల్కనీలున్న అపార్ట్‌మెంట్లకి 60 మీటర్ల దగ్గర, ఆపైన ప్రతి 30 మీటర్లకీ రెఫ్యూజ్ ఏరియా (అగ్ని ప్రమాదంలో జనం తలదాచుకునే ఖాళీ చోటు) ఉండాలి. మీ టవర్‌కి మూడు రావాలి. రెండంతస్తుల జనానికి మనిషికి 0.3 చదరపు మీటర్ల చొప్పున లెక్క. దానికి గ్రిల్ వేసి స్టోర్ రూమ్‌గానో, జిమ్‌గానో మార్చిన చోట కొనకండి. మెట్ల దారిలోకి పొగ రాకుండా గాలి ఊదే ఫ్యాన్లుంటాయి. తలుపుకి రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచితే అవి ఉన్నా లేనట్టే.

కాగితాలు. హైదరాబాద్‌లో 2006 నాటి జీవో 86 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) హద్దు లేకుండా రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లే ఎత్తుని తేలుస్తూ వచ్చాయి, దానికి తోడు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎత్తు అనుమతి. ఫైర్ అనుమతి, 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడండి. రెరా పేజీలో ఉన్న ప్లాన్‌నీ సేల్స్ ఆఫీసులో చూపించే ప్లాన్‌నీ పక్కపక్కన పెట్టి అంతస్తుల సంఖ్య, లిఫ్టులు సరిచూడండి. ఫ్లాట్లు కేటాయింపు పొందినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ప్లాన్ మార్చడానికి రెరా చట్టం ఒప్పుకోదు. స్ట్రక్చర్ లోపాలకి ఫ్లాట్ అప్పగించినప్పటినుంచి ఐదేళ్ళు బిల్డర్ బాధ్యత, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇవి కాక మట్టి పరీక్ష రిపోర్ట్, స్ట్రక్చర్‌ని విడిగా ఇంకో ఇంజనీరు పరిశీలించిన సర్టిఫికెట్, మీ అంతస్తు క్యూబ్ ఫలితాలు అడగండి. ఇవ్వాల్సిన పని లేదనే బిల్డర్లే ఎక్కువ. అడిగినప్పుడు ఎవరిని పిలిచి మాట్లాడిస్తారో చూడండి, సేల్స్ మేనేజర్నా, ఇంజనీర్నా.

తనిఖీకి వెళ్ళేటప్పుడు వాన పడిన మరునాడు వెళ్ళండి. గాలి ఎక్కువ తగిలే వైపు కిటికీల అడుగు మూలలు చూడండి. స్లైడింగ్ కిటికీ పట్టాలో నీరు నిలిచి ఉంటే ఆ ఎత్తులో గాలి దాన్ని లోపలికే తోస్తుంది. కుదిరితే బిల్డర్ చేత పైపుతో నీళ్ళు కొట్టించి పరీక్ష చేయించండి.

ఇంటీరియర్ మొదలుపెట్టే ముందు మీ ఫ్లాట్ స్ట్రక్చరల్ డ్రాయింగ్, కరెంటు పైపుల డ్రాయింగ్ రెండూ చేతికి తీసుకోండి. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేద్దామని ఇంటీరియర్ వాళ్ళు అంటారు. మైవాన్ టవర్‌లో ఆ గోడ పైనున్న పదమూడు అంతస్తుల్ని మోస్తూ ఉండొచ్చు. అలమర మేకులకి 40, 50 మిల్లీమీటర్ల లోతు డ్రిల్ చాలు. ఏసీ పైపుకి కొత్త రంధ్రం కావాల్సి వస్తే కోర్ కట్టర్‌తో, రాడ్డు ఎక్కడుందో స్కాన్ చేయించాకే కొట్టించండి. తలుపు మీది దూలాల జోలికి మాత్రం అసలు పోనివ్వకండి.